పులిహోర క్వయర్

చినిగిన బట్టను కుట్టుకుంటే పొదుపరి అని, చినగని బట్టకు రంగు వేసుకుంటే పిచ్చివాడు అని పేరు పెట్టే కాలంలో నేను పెరిగాను. ఆ రోజుల్లో మా రేపల్లెలో బట్టలకు వయస్సు, హోదా, బాధ్యత ఉండేవి. కొత్త చొక్కా గుడికి వెళ్లేది. కాస్త మెత్తబడ్డాక బడికి, రంగు పోయాక పొలానికి వెళ్లేది. ఆపైన చేతిగుడ్డయి వంటింట్లో విశ్రాంతి తీసుకునేది. ఈ క్రమాన్ని ఎవరూ రాసి పెట్టలేదు గాని అందరూ పాటించేవారు. క్రమం అన్నది ఏదైనా సరే, నాకు పుట్టుకతోనే ప్రీతి. (ఉద్యోగ విరమణ తరువాత కూడా మా ఇంట్లో చెప్పులు జతజతగా, మడమలు గోడకు ఆనేటట్టు ఉంటాయి. అలా ఉంచనివారు ఒక్కరే ఉన్నారు. వారి ప్రస్తావన ముందు ముందు వస్తుంది.) అటువంటి నేను, వసంతకాలంలో ఇంట్లోనే తేలికగా చేసుకోదగిన అలంకారాల మోజులో పడి, మా చర్చి సంఘపు స్త్రీలందరి ముందూ తలవంచుకున్న వైనం ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. కాని పోయిన వారం మా మనవరాలు నా నోరు తెరిపించింది.

ఒంటిపూట బడులు మొదలైనప్పటి నుంచీ ఆ పిల్లకు మధ్యాహ్నాలన్నీ ఖాళీ. ఫోనులో ఏదో చూసుకుంటూ వచ్చి, “తాతయ్యా, నీ పాత పంచె ఒకటి ఇస్తావా? చున్నీ చేసుకుంటాను,” అన్నది. పంచె చున్నీగా ఎలా మారుతుందో వివరించమన్నాను. బట్టకు అక్కడక్కడా దారంతో ముడులు వేసి, పసుపు నీళ్లలో మరిగించి, ఆరబెట్టి ముడులు విప్పితే సరిపోతుందట. “చాలా ఈజీ తాతయ్యా. పావుగంట,” అని ముగించింది. ఆ మాట వినగానే వంటింట్లో నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు, గరిటె కింద పెట్టి మరీ నవ్విన నవ్వు. మనవరాలు ఆమె వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. ఇక దాచి లాభం లేదు.

అప్పుడు నేను బాపట్లలో ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని, ఉద్యోగపు ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూ రేపల్లెలో ఇంటి దగ్గరే ఉన్నాను. గణితం, భౌతికశాస్త్రం చదివిన నిరుద్యోగి ఊళ్లో ఊరికే కూర్చుంటే ఊరికే మంచిది కాదని కాబోలు, మా గుడి పెద్దలు (మా చర్చిని మేము గుడి అనే అంటాము) నన్ను పాటల బృందానికి, అంటే క్వయరుకు, సెక్రటరీని చేశారు. క్వయరుకు నాయకుడు మా హార్మోనియం మామయ్య. ఆయనది సాధు స్వభావం; హార్మోనియం మెట్ల మీద తప్ప మరెక్కడా గట్టిగా ఒత్తేవారు కారు. అసలు అధికారం ఆయన భార్యది, అంటే మా నాన్నగారి చెల్లెలైన మా మేనత్తది. పై గొంతు ఆమెదే, ఆఖరి మాటా ఆమెదే. నేను సెక్రటరీనైన మొదటి నెలలోనే పాటల పుస్తకాలకు అట్టలు వేయించాను, మగవారిని ఎత్తుల వారీగా నిలబెట్టాను, గొంతు సవరించుకోవడానికి ఒక సమయం కేటాయించాను. ఆ ఆఖరి సంస్కరణను గురించి అత్తయ్య, “దగ్గుకి కూడా గంట కొడతావేంట్రా?” అని అడిగింది. క్రమం తెలియనివారితో వాదం పెట్టుకోకూడదని ఊరుకున్నాను.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు తెనాలిలో క్వయర్ల పోటీ జరిగేది. అంతకు ముందటి ఏడు మా వాళ్లు ఎవరికి తోచిన తెలుపులో వారు వెళ్లారట: ఒకరిది పాలతెలుపు, ఒకరిది గంజి తెలుపు, నీలిమందు ఎక్కువైన ఒకరిది దాదాపు ఆకాశం. బాపట్ల వైపు నుంచి వచ్చిన క్వయరేమో అందరూ ఒకే గులాబీరంగు చీరల్లో వరుసగా నిలబడ్డారట. ఈ సంగతి విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. పాట సంగతి మామయ్య చూసుకుంటారు. రంగు సంగతి ఎవరు చూడాలి? సరిగ్గా ఆ సమయంలోనే, నేను పొరపాటున తప్ప చదవని ఒక వారపత్రికలో, స్త్రీల పుటలో (పొరపాటున ఆ పుటను రెండుసార్లు చదివాను) ‘వసంతానికి ఇంట్లోనే తేలికైన కొత్తందాలు’ అన్న వ్యాసం కనిపించింది. కాగితపు పూలు, బెండకాయ ముక్కలతో జాకెట్టు మీద అచ్చులు, ఆపైన పసుపుతో ముడుల అద్దకం. పసుపు రంగు, మధ్యలో తెల్లని వలయాలు, అందరికీ ఒకేలా. వసంతమంతా మా వరుసలో నిలబడి పాడుతున్నట్టు నాకు కళ్లకు కట్టింది.

అయితే చిన్న చిక్కు ఉంది. మా సంఘంలో ప్రతి స్త్రీకీ గుడిలో బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభుభోజనానికి వెళ్లేటప్పుడు మాత్రమే కట్టుకునే తెల్ల చీర ఒకటి ఉండేది. దాన్ని ‘బల్ల చీర’ అనేవారు. తక్కిన చీరలు రకరకాల రంగులు. నా పథకానికి పనికివచ్చే తెల్లవి అవే. వాటిని అడగడమంటే పెట్టెలో దాచిన భక్తిని బయటికి తీయమనడమే. ముందుగా అత్తయ్యను ఒప్పిస్తే మిగిలిన ఎనిమిది మందీ దారిలోకి వస్తారని ఆమె దగ్గరికే వెళ్లాను. నా ఉపన్యాసమంతా విని, ఆమె పెట్టె తెరిచి, కలరా ఉండల వాసన వేస్తున్న వాయిల్ చీర తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఒరేయ్ అబ్బాయ్, ఇది నా బల్ల చీర. ఈస్టరుకి మళ్లీ ఇది తెల్లగా నా చేతికి రావాలి. వస్తుందా?”

“వస్తుంది అత్తయ్యా. పసుపు ఎండకి నిలవదు. పోటీ అయ్యాక వారం రోజులు ఎండేస్తే రంగంతా పోతుంది. సైన్సు ఇది.”

“సైన్సో, నువ్వో, ఎవరో ఒకళ్లు పూచీ పడండి. చీర తెల్లగా రాకపోతే నేను ఆ రోజు గుడికి రాను. ఈమె ఎందుకు రాలేదని పాస్టరు అయ్యగారు అడిగితే, నువ్వే లేచి నిలబడి చెప్పుకో.”

ఆమె ఏ ఈస్టరుకూ గుడి మానలేదు. తెల్లవారుజామున మొదటి పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకోకపోతే మామయ్య హార్మోనియం ఏ శ్రుతిలో మొదలుపెట్టాలో కూడా మరిచిపోతారు. ఇంతటి పూచీని నేను ఎంత సులువుగా నెత్తిన వేసుకున్నానో తలచుకుంటే, ఆ వయస్సులో మెడలు ఎంత గట్టిగా ఉంటాయో అనిపిస్తుంది.

బుధవారం నాడు అత్తయ్యగారి దొడ్లో కార్యక్రమం. దుగ్గిరాల నుంచి మామయ్య తెప్పించిన పసుపు, నీళ్లు కాచే పెద్ద గంగాళం, తొమ్మిది బల్ల చీరలు, తొమ్మిది మంది స్త్రీలు, ఒక చెక్క స్కేలుతో నేను. వ్యాసంలో ‘మీ ఇష్టం వచ్చిన చోట ముడులు వేయండి’ అని ఉన్నది. అటువంటి వాక్యాలు నాకు ఒంటికి పడవు. ప్రతి చీరకూ అంచు నుంచి జానెడు వదిలి, సమానమైన దూరాల్లో పెన్సిలుతో గుర్తులు పెట్టించి, ఒక్కొక్క గుర్తు దగ్గర ఒక్కొక్క గింజను గుడ్డలో మూటగట్టి దారం బిగించమన్నాను. వ్యాసకర్త్రి శనగలు వాడమన్నది. అత్తయ్య అడ్డుపడి, “శనగలు నానితే పొద్దుటికి మొలకలొస్తాయి. చీర కట్టుకోవాలా, తాలింపు వేసుకోవాలా?” అన్నది. చింతపిక్కలకు మారాము. క్వయరులో కింది గొంతు పాడే అమ్మాయి ఒకతె ఉండేది. నేను చెప్పిన ప్రతి మాటకూ “అలాగేనండి సెక్రటరీ గారూ” అంటూనే, తన ముడులను చూపు ఆనినంత వరకూ వంకరటింకరగా వేసింది. స్కేలు చూపించాను. “స్కేలు తిన్నగానే ఉందండి, చీరే తిరుగుతోంది,” అన్నది. మిగతావారు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

గౌరవసూచకంగా అత్తయ్య చీరను అందరికంటే ముందు, పసుపు చిక్కగా ఉన్నప్పుడే ముంచాను. (ఈ గౌరవాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దీనికి తరువాత నేను మూల్యం చెల్లించాను.) నీడలో ఆరాక గురువారం ముడులు విప్పితే, నిజం చెప్పాలి, అద్భుతంగా వచ్చాయి. గన్నేరు పూల వంటి పసుపు మీద వరుస తప్పని తెల్లని వలయాలు. ఆ అమ్మాయి చీర మీద మాత్రం వలయాలు తప్పిపోయిన గొర్రెల్లా తిరుగుతున్నాయి. అయినా ఒక్క చీరకు మన్నించవచ్చు. ఊరివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. మామయ్య సంతోషం పట్టలేక హార్మోనియం బయటికి తెచ్చారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. శుక్రవారం ఉదయం నేను చీరలను పరీక్షించడానికి ఇంటింటికీ తిరుగుతూ వాసన చూశాను. పచ్చి పసుపు వాసన. ఇంతమంది ఒకచోట నిలబడితే పోటీ మండపంలో కూర ఉడుకుతున్నట్టు ఉంటుందనిపించింది. వెంటనే ఆజ్ఞ జారీ చేశాను: ప్రతివారూ చీరను సబ్బుతో శుభ్రంగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, సంచిలో మడతపెట్టి శనివారం పొద్దున స్టేషనుకు తేవాలి. తెనాలిలో దిగాక కట్టుకోవచ్చు.

రేపల్లె నుంచి తెనాలికి పాసింజరు బండి. స్టేషనులో అందరూ సంచులను ఒళ్లో గట్టిగా పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నారు. ఎప్పుడూ నోరు మూతపడని మా క్వయరులో ఆ నిశ్శబ్దాన్ని చూసి, నా క్రమశిక్షణ ఫలించిందని పొంగిపోయాను. బండి భట్టిప్రోలు దాటాక లేచి నిలబడి, మడతలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి, చీరలు బయటికి తీయండి అన్నాను. ఎవరూ కదలలేదు. చివరి బెంచీలో ఒకావిడ ముక్కు చీదింది. ఇంకొకావిడ, నాది కాస్త పాడైందండి, నన్ను వెనక వరుసలో నిలబెట్టండి అన్నది. పక్కావిడ అదిరిపడి, “నీది కూడానా?” అన్నది. ఆ తరువాత సంచులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒక చీర ఇటుకరంగు. ఒకటి తాంబూలం నమిలి ఉమ్మినట్టు. ఒకటి సగం ఎరుపు, సగం పసుపు. ఒకదాని మీద సబ్బు రుద్దిన చోటల్లా ఎర్రటి చారలు, పులి పరుగెత్తుకొచ్చి ఆరేసిన చోట పడుకున్నట్టు. ఎవరి ఇంట్లో వారు, తమదొక్కటే చెడిందనుకుని, సెక్రటరీకి భయపడి దాచుకుని తెచ్చారు. అందరికంటే చివర అత్తయ్య తన సంచి తెరిచింది. అందరి చీరలకంటే చిక్కగా ముంచిన చీర అందరి చీరలకంటే ఎర్రగా ఉన్నది.

ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. చీరను మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ, “ఈస్టరు ఇంకా వారమే ఉందిరా,” అన్నది. కేకలు వేసినా బాగుండేదనిపించింది. మామయ్య ఒక్కరే ఎరుపు కూడా వసంతపు రంగేనని ఏదో చెప్పబోయి, ఆమె వైపు చూసి మానుకున్నారు.

అప్పుడు ఆ కింది గొంతు అమ్మాయి, ముందు టిఫిన్ చేద్దాం, ఏడ్చేదేదో తిన్నాక ఏడవొచ్చు అని, తాను తెచ్చిన నిమ్మకాయ పులిహోర గిన్నె మూత తీసింది. బండి వేమూరు స్టేషనులో ఆగబోతూ ఒక్క కుదుపు కుదిపింది. గిన్నెలో సగం పులిహోర ఆమె చీర మీద పడింది. (పులిహోర తాను ఒంపలేదని, రైలు ఒంపిందని రాయమని వంటింట్లో నుంచి ఇప్పుడే కబురు వచ్చింది. అవును, చెప్పులు సరిగా పెట్టనిది ఈమే.) ఆమె మెతుకులు ఏరి పారేసి, చీర విదిల్చి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. “ఏవండీ సెక్రటరీ గారూ, ఇది చూశారా?” మెతుకులు పడిన చోటల్లా ఎరుపు పోయి, శుభ్రమైన, నిండైన పసుపు.

ఆ క్షణంలో నాకు కనబడినది చీర కాదు, బాపట్లలోని ఒక తరగతి గది. శిక్షణలో మాకు పరీక్షకు ముందు నమూనా పాఠం చెప్పించేవారు. నేను ఎనిమిదో తరగతికి చెప్పిన పాఠం ఆమ్లాలు, క్షారాలు. పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్లు చుక్క వేస్తే ఎర్రబడుతుంది. దానిపై నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ వేసి, పిల్లల చేత మూడుసార్లు చెప్పించి, వెనక బెంచీలో కూర్చున్న, బోధన పద్ధతులు నేర్పే మా మెథడ్స్ సార్ మెప్పు పొందాను. అది జరిగి ఏడాది కూడా కాలేదు. ఆ పాఠం చెప్పిన వాడూ, తొమ్మిది ఇళ్లకు తిరిగి సబ్బుతో ఉతకమన్న వాడూ ఒక్కడే అంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు. చదువు నల్లబల్ల మీద ఉన్నంతసేపూ నాకు బాగా వచ్చేది; దొడ్లోకి వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను.

తెనాలిలో దిగగానే మగవాళ్లం నిమ్మకాయల మార్కెట్టుకు పరుగెత్తాము. ఆ ఊరిలో నిమ్మకాయలకు ఏం కొదవ? అమ్మకానికి పనికిరావని పక్కన పోసిన మెత్తటి కాయలు గోతాం నిండా ఇచ్చి, వ్యాపారి ఆరా తీశాడు.

“ఏంటండి, పచ్చడికా?”

“కాదండి, చీరలకి.”

అతను గోతాం మా చేతికి కాస్త దూరం నుంచి అందించాడు.

పోటీ జరిగే గుడి ఆవరణలో బోరింగు ఉన్నది. అక్కడ బకెట్లు అడిగి తీసుకుని, మగ గొంతులన్నీ వరుసగా కూర్చుని నిమ్మకాయలు పిండాము. హార్మోనియం వాయించే వేళ్లు కూడా పిండాయి. వేళ్ల మీద చిన్న చిన్న కోతలు ఉన్నవాళ్లు ఆ పూట చాలా పై శ్రుతులు అందుకున్నారు. ఎర్రటి చీర బకెట్లో మునగడం, మునిగినంత మేరా పసుపై తేలడం, ఆడవాళ్లు మొదట నోరు తెరిచి చూసి, తరువాత నాది ముందు, నాది ముందు అని కొంగులు పట్టుకుని లాక్కోవడం. పిండిన చీరను ఇద్దరేసి చెరొక చివరా పట్టుకుని, ఎండలో ఆవరణ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. గులాబీరంగు చీరల బాపట్ల వాళ్లు మెట్ల మీద నిలబడి, అది మా ఆచారం కాబోలునని మర్యాదగా చూశారు. అత్తయ్య తన చీరను ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు తిరిగింది.

“పసుపయ్యింది, నిమ్మరసమయ్యింది, గంజి రూపాన అన్నమూ అయ్యింది. పోపొక్కటే తక్కువరా అబ్బాయ్.”

ఆమె అతిశయోక్తి చెప్పలేదు. మేము వేదిక మీద వరుస కట్టి మొదటి చరణం అందుకునేసరికి, పంకాలు తిరిగి ఆ సువాసన ముందు వరుసల మీదుగా సాగింది. మధ్యాహ్నం కావస్తున్నది, జనం ఆకలి మీద ఉన్నారు. మొదటి బెంచీలోని ఒక పెద్దాయన పక్కాయన వైపు వంగి, ఆయనకు చెవుడు కాబోలు, హాలంతా వినిపించేటట్టు, “భోజనాలు మొదలెట్టేశారా?” అని అడిగాడు. మా కింది గొంతుల వరుస ఒక్కసారిగా వణికింది. నవ్వు ఆపుకునే ప్రయత్నంలో ఆ వణుకే గమకంలా వినిపించిందని తరువాత కొందరు మెచ్చుకున్నారు. అత్తయ్య గొంతు మాత్రం ఇసుమంత చెదరలేదు.

న్యాయనిర్ణేతల్లో ఒకరు బాపట్ల నుంచి వచ్చిన పెద్దమనిషి. పాట అయ్యాక ఆయన కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వస్తుంటే గుర్తుపట్టాను: మా మెథడ్స్ సారే. ఆయన మావాళ్ల చీరలను ఒకటొకటిగా పరికించారు. తొందరలో నిమ్మరసం అందని ఎర్రటి మరక అత్తయ్య కొంగు చివర ఒకటి మిగిలి ఉన్నది. ఆయన దాన్ని చూశారు, పక్కనున్న పసుపును చూశారు, గాలి పీల్చారు, చివరికి నన్ను చూశారు. “ఏమయ్యా, ప్రయోగం బాగా పెద్ద ఎత్తున చేసినట్టున్నావే,” అన్నారు. అంతే. ఆయన నాకు శిక్షణలో ఇచ్చిన మార్కులను వెనక్కి తీసుకునే వీలు లేకపోవడం నా అదృష్టం. పోటీలో మాకు మూడో స్థానం వచ్చింది. (పాల్గొన్నవి నాలుగు. నాలుగో క్వయరు వారి తబలా పగిలింది.) మాకు మాత్రం ‘పులిహోర క్వయర్’ అన్న పేరు తెనాలి నుంచి నిజాంపట్నం దాకా స్థిరపడిపోయింది.

ఇక అసలు గండం మిగిలే ఉన్నది. ఈస్టరుకు చీరలు తెల్లబడాలి. సోమవారం నుంచి నా దినచర్య అంతా మేడల మీదే. పొద్దున ఒక వైపు, మధ్యాహ్నం ఇంకొక వైపు, వడియాలు తిరగేసినట్టు చీరలను తిరగేసేవాణ్ణి. రేపల్లె ఎండ నన్ను మాట తప్పనివ్వలేదు. రోజురోజుకూ పసుపు వెలిసి, గురువారానికి ఎనిమిది చీరలు తెల్లబడ్డాయి. తొమ్మిదోది, గౌరవార్థం మొదట ముంచినది, వెన్న రంగుకు వచ్చి ఆగిపోయింది. శుక్రవారం మబ్బు పట్టింది. శనివారం మధ్యాహ్నం నేను ఆ చీరను మడతపెట్టి అత్తయ్య ఇంటికి తీసుకెళ్లాను. ఆమె దాన్ని వాకిట్లో వెలుతురుకు పెట్టి చూసింది. తొమ్మిది మందిలో తానొక్కతే పచ్చగా నిలబడటం తనవల్ల కాదంది. నేను ఇంకేదో శాస్త్రీయ ఉపాయం ఎత్తుకోబోతే, “చాలు నాయనా, నువ్వు ఇంటికెళ్లు,” అని మెల్లగా అన్నది. ఆ మెల్లదనం నన్ను వీధి చివరి దాకా వెంటాడింది. దారిలో ఆ కింది గొంతు అమ్మాయి ఎదురై ఏమైందని అడిగింది. జరిగినదంతా చెప్పాను. ఆమె విని, “అలాగేనండి,” అని మాత్రం అని వెళ్లిపోయింది. నేను ఏ పనీ చెప్పలేదు, ఆమె దేనికి అలాగేనన్నదో నాకు అర్థం కాలేదు.

ఈస్టరు నాడు మసకవెలుతురులో అందరికంటే ముందు వెళ్లి గుడి గేటు దగ్గర నిలబడ్డాను. అయ్యగారికి చెప్పవలసిన వాక్యాలను మనసులో క్రమంగా పేర్చుకుంటున్నాను: మొదట నేరాంగీకారం, పిదప రసాయనశాస్త్రం. లోపల మామయ్య హార్మోనియం తెరిచి, దేనినీ ముట్టుకోకుండా కూర్చున్నారు. అంతలో వీధి మలుపులో కొవ్వొత్తులు కనబడ్డాయి. తొమ్మిది మందీ కలిసి వస్తున్నారు. మధ్యలో అత్తయ్య. నేను మొదట వెలుతురు చాలక అలా కనిపిస్తున్నదనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే, తొమ్మిది చీరలూ ఒక్కటే రంగు: లేత వెన్న రంగు. శనివారం సాయంత్రం చీరలకు గంజి పెట్టేటప్పుడు, ఆ అమ్మాయి ఇంటింటికీ వెళ్లి మిగతా ఏడుగురి చేతా గంజిలో చిటికెడు పసుపు వేయించి, తానూ వేసుకుంది. కష్టపడి తెల్లబరిచిన బల్ల చీరలను, ఒక్క మనిషి కోసం, వాళ్లంతట వాళ్లు మళ్లీ పచ్చబరుచుకుని, అత్తయ్య గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డారట. ఆమె వాళ్లను చూసి, లోపలికి వెళ్లి, చీర మార్చుకుని వచ్చిందట.

గేటు దగ్గర నన్ను చూసి మాత్రం ఆగింది. “ఏంట్రా అలా చూస్తావు? ఇందులో నీ స్కేలు లేదులే,” అని లోపలికి వెళ్లి, మామయ్యకు శ్రుతి కూడా అడిగే వ్యవధి ఇవ్వకుండా పాట ఎత్తుకున్నది. అయ్యగారు కళ్లజోడు పైనుంచి ఆ వరుసను ఒకసారి చూసి, పుస్తకంలోకి తలదించుకున్నారు. ఆయన ఏమనుకున్నారో నేను అడగలేదు. నా జీవితంలో ఎన్నో బడులు నడిపాను, ఎన్నో వరుసలు కట్టించాను. అంత సమంగా ఉన్న వరుసను మళ్లీ చూడలేదు. అది నేను కట్టించినది కాదు.

ఇదంతా విన్నాక మా మనవరాలు అడిగిన ప్రశ్న ఒక్కటే: “అయితే తాతయ్యా, సబ్బు వాడకూడదన్నమాట?” పంచె ఇచ్చాను. మేడ మీద ఆమె ముడులు వేస్తుంటే, అలవాటు కొద్దీ స్కేలు, పెన్సిలు పట్టుకెళ్లాను. ఆమె వాటి వంక చూసి, వంకరగా ఉంటేనే బాగుంటుంది తాతయ్యా అన్నది. “మీ అమ్మమ్మ పోలిక,” అన్నాను. ఇప్పుడు ఆ చున్నీ తీగ మీద ఆరుతున్నది. పసుపు మీద తెల్లని వలయాలు ఒక దానికొకటి పొంతన లేకుండా గాలికి ఊగుతున్నాయి. ఎండ కొంత తగ్గాక, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, రెండు చివరలూ సమానంగా వేలాడేటట్టు దాన్ని కాస్త ఇటు జరిపాను. కిందికి దిగి వచ్చేసరికి, గుమ్మం దగ్గర చెప్పులు వంకరగా విడిచి ఉన్నాయి. చాలా ఏళ్లుగా వాటిని సరిచేస్తూ వస్తున్న ఆ పాత సెక్రటరీ, ఇవాళ వాటి వంక చూసి నవ్వి, దాటుకుని లోపలికి వెళ్లాడు. వంటింట్లో పులిహోరకు పోపు వేస్తున్నారు.